అక్క వేసుకోని నీళ్ల గోలి

నర్సంపేట బస్సులో కండక్టరుగా ఉన్నన్నాళ్లూ నా తల మీద ఒక తాడు ఉండేది. డ్రైవరు పక్కన ఉన్న గంటకు కట్టిన తాడు. ఒకసారి లాగితే బస్సు ఆగుతుంది, రెండుసార్లు లాగితే కదులుతుంది. ఆ తాడుతో నేను ఎవరెవరి కోసమో బస్సు ఆపాను. కోళ్ల గంప ఎక్కించడానికి ఆపాను. డ్రైవరుకు బీడీ కట్ట కావాలంటే ఆపాను. ఒక పెద్దమనిషి తువ్వాల గాలికి ఎగిరిపోతే ఆపి, అది దొరికేదాకా నిలబెట్టాను. మా అక్క అడిగినప్పుడు మాత్రం ఆపలేదు. ఇన్నేళ్ల తర్వాత ఇది రాస్తున్నది అందుకే.

అక్క నాకంటే పదకొండేళ్లు పెద్దది. నాకు మూడేళ్లప్పుడు అమ్మ పోయింది. అప్పటినుంచి నన్ను చంకనేసుకుని తిరిగింది అక్కే. ఆ వయసులోనే ఆమెకు ఒకసారి జ్వరం వచ్చి, మోకాళ్లూ మోచేతులూ వాచి, నెల రోజులు మంచం దిగలేదట. నానమ్మ ఏవో ఆకులు కాచి కట్టిందట. లేవగానే మళ్లీ నన్ను ఎత్తుకుంది. ఆ జ్వరం సంగతి అందరం మరిచిపోయాం. ఇరవై ఏళ్లు దాటాక వరంగల్ దవాఖానలో ఒక డాక్టరు అడిగితే తప్ప దాన్ని ఎవరూ తలుచుకోలేదు.

అక్కను నర్సంపేట తోవలోని ఒక ఊరికి ఇచ్చారు. బావకు నాలుగెకరాల పొలం. పిల్లలు కలగలేదు. నాట్లలో అక్క చేయి చాలా చురుకు. వరుసలో అందరికంటే ముందుండేది, వెనకబడినవాళ్లను వెక్కిరిస్తూ ఉండేది. అలాంటిది డెబ్బైల చివర్లో ఒక వానాకాలం తనే వెనకబడడం మొదలైంది. తోటి ఆడవాళ్లు ఊరుకుంటారా.

"ఏందే, తమ్ముడు కండక్టరైండని నడుము వంగుతలేదా?"

"వంగుతాంది గని లేస్తలేదే," అనేదట అక్క.

కాళ్లు వాచాయి. నాట్ల కాలంలో రోజంతా బురదలో నిలబడితే ఎవరి కాళ్లైనా ఉబ్బుతాయి కాబట్టి ఆ వాపును ఎవరూ పట్టించుకోలేదు. దగ్గు వచ్చింది. ఊళ్లో సూదులేసే ఆయన దగ్గు మందు ఇచ్చాడు. నాట్లు అయిపోయాయి, కోతలు కూడా అయిపోయాయి. వాపు తీయలేదు.

ఒకరోజు అక్క నా బస్సు ఎక్కడానికి వచ్చి మెట్టు దగ్గరే ఆగిపోయింది. చేయి అందించాను. వేళ్లు చల్లగా ఉన్నాయి. ఎక్కి సీట్లో కూర్చుని, ఒక మాట చెప్పడానికి మూడుసార్లు ఊపిరి తీసుకుంది. కాళ్లవైపు చూశాను. వెండి మట్టె వేలి కండలో కూరుకుపోయి, పైన సన్నటి గీతలా మాత్రమే కనబడుతోంది. ఆ రోజు డ్యూటీ మధ్యలోనే ఇంకొకరికి అప్పజెప్పి ఆమెను పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. ఇందులో నేను చేసిన మంచిపని ఏదైనా ఉందంటే అదొక్కటే.

డాక్టరు చిన్న వయసువాడు. తొందరపడే మనిషి కాదు.

"పండుకుంటే ఊపిరాడుతదా అమ్మా?"

"ఆడదు సారూ. నీళ్లల్ల ముంచినట్టయితది. లేసి కూసుంటే జర నయం."

"తలకింద ఎన్ని మెత్తలు పెట్టుకుంటవు?"

"మెత్తలేడియి సారూ. వడ్ల బస్తకు ఒరుగుత."

ఆయన నవ్వలేదు, రాసుకున్నాడు. అక్క ముంగాలి ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి వదిలాడు. పిండిముద్దలో వేలు దిగినట్టు గుంట పడింది. అది పూడేదాకా చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఆమెను సగం ఒరిగించి మెడ నరం ఎంత ఎత్తుకు ఉబ్బిందో చూశాడు. కుడివైపు డొక్క కింద నొక్కితే ఆ నరం ఇంకా పైకి లేచింది. ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టి, గొట్టం పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. చిన్నప్పుడు కీళ్లనొప్పులతో జ్వరం వచ్చిందా అని అడిగాడు. అక్క నావైపు చూసి, "గీన్ని ఎత్తుకునే దినాలల్ల వచ్చింది," అంది.

ఎక్స్‌రే తీశారు. చేతులకు, కాళ్లకు, ఎదకు తీగలు తగిలించి ఈసీజీ తీశారు. ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి గుండె నీడను నాకు చూపించాడు. ఉండాల్సిన దానికంటే పెద్దగా ఉందట. ఊపిరితిత్తుల అడుగున మసక ఉంది. అది నీరట.

"గుండె ఫెయిలవుతాంది," అన్నాడు.

ఫెయిల్ అంటే అయిపోయినట్టే అనుకున్నాను.

"ఫెయిలంటే ఆగిపోవుడు కాదయ్యా. నువ్వు కండక్టరువే గద. బస్టాండుల జనం ఎప్పుడు పేరుకుంటరు?"

"ట్రిప్పులు సరిగ నడవనప్పుడు సార్."

"గంతే. గుండెల తలుపులుంటయ్. మీ అక్కకు ఆ జ్వరంతోని ఒక తలుపు బిగుసుకుపోయింది. సందుల నుంచి కొందరే పోతానరు. మిగిలినోళ్లు వెనుక జమైతానరు. ఊపిరితిత్తులల్ల, కడుపుల, కాళ్లల్ల. ఆ జమైన నీళ్లతోనే ఈ దగ్గు, ఈ వాపు."

నాకు అర్థమైంది. ఆ రోజు నాకు అంత బాగా అర్థమైంది కాబట్టే తర్వాత చేసినదానికి తెలియకపోవడం అనే సాకు నాకు లేదు.

మందుల గురించి కూడా ఆయన విడమరిచి చెప్పాడు. ఒకటి నీళ్ల గోలి. రోజూ పొద్దున వేసుకోవాలి. జమైన నీటిని ఒంటికి పోయించి బయటికి పంపుతుంది. ఇంకొకటి చాలా చిన్నది. గుండె దడను తగ్గించి, కొట్టుకునే బలాన్ని పెంచుతుంది. దాన్ని వారంలో ఐదు రోజులే వేసుకుని రెండు రోజులు ఆపాలి, ఎక్కువైతే అదే విషం. వాంతులైనా, చూపు పచ్చబడినా వెంటనే రావాలి. కీళ్ల జ్వరం తిరగబెట్టకుండా మూడు వారాలకొక సూది. కూరలో ఉప్పు సగానికి సగం తగ్గాలి, తొక్కులూ ఎండుచేపలూ వద్దు. రోజుకొక అరటిపండు తింటే మంచిది.

"నీరు మొత్తం గుంజి మనిషి తేరుకుంటే హైదరాబాద్‌కు చిట్టీ రాస్త. ఆ తలుపును ఆపరేషన్ చేసి వెడల్పు చేస్తరు. నీరుండంగ మాత్రం ఎవ్వరూ ముట్టరు," అన్నాడు. తర్వాత అక్కతో, "మీ ఊళ్లె బరువు చూసే మిషనుండదు గద. రోజు పొద్దున మట్టె తిప్పి చూసుకో. తిరిగితే నీరు తక్కువున్నట్టు. తిరగకుంటే తమ్ముని బస్సెక్కి రా," అన్నాడు.

వార్డులో రెండు వారాలు ఉంచారు. ఆ రెండు వారాలు అక్క మళ్లీ పాత అక్క అయింది. వార్డు చివర్లోనే మరుగుదొడ్డి ఉండేది, నీళ్ల గోలి వేసుకున్నాక పూటకు ఆరేడుసార్లు పోయివచ్చేది. "బాయికి మోటరు పెట్టినట్టున్నది తమ్మీ," అని నవ్వేది. కాళ్లు సన్నబడ్డాయి. మట్టె గిరగిర తిరిగింది. వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. డాక్టరు నా భుజం తట్టి, "ఇట్లనే ఒక నాలుగైదు నెలలు నిలబెట్టు," అన్నాడు. నాకే చెప్పాడు.

నెల తిరిగేసరికి చూపించుకోవడానికి అక్క పొద్దుటి బస్సుకు వచ్చింది. చెప్పినట్టే గోలి వేసుకుని వచ్చింది. సగం దూరం రాకముందే ముందుసీట్లోంచి నావైపు తిరిగి చేత్తో సైగ చేసింది. దగ్గరికి పోతే, "తమ్మీ, జర బస్సు ఆపుతవా," అంది తల వంచుకుని.

తాడు లాగాను. అక్కడ చెట్టూ చేమా లేదు. రోడ్డు కింద ఒక కల్వర్టు ఉంది. అక్క కట్ట దిగి కల్వర్టు వెనక్కి పోయింది. బస్సు నిండా జనం. అందరూ అటే చూస్తున్నారనిపించింది. వెనకసీట్లోంచి ఒకాయన, "ఏం భయ్, అక్క ఎక్కితే బస్సు మీ ఇంటి బండైతదా?" అన్నాడు. నలుగురు నవ్వారు. పెద్ద మాటేమీ కాదు. రోజూ అంతకంటే పెద్ద మాటలు పడేవాణ్ని, అనేవాణ్ని. కానీ ఆ రోజు నా చెవులు కాలాయి. అక్క చెంగు సర్దుకుంటూ మెల్లగా కట్ట ఎక్కి వస్తుంటే, నేను చేయి అందించకుండా టిక్కెట్ల పెట్టె వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాతి నెల మళ్లీ అదే చోట, అదే సైగ. నేను చూశాను. చూడనట్టు వెనక్కి తిరిగి, ఇచ్చిన టిక్కెట్లే మళ్లీ అడుగుతూ చివరి సీటుదాకా పోయాను. "తమ్మీ," అని ఒకసారి పిలిచింది. రెండోసారి పిలవలేదు. తాడు నా చెవిని రాసుకుంటూ ఊగుతోంది.

వరంగల్ బస్టాండులో అందరూ దిగేదాకా అక్క లేవలేదు. అందరూ దిగాక లేచింది. చీర వెనక తడిసి ఉంది. కొంగు తిప్పి నడుముకు చుట్టుకుని, సీటును సంచిలోని తువ్వాలతో తుడిచింది. నావైపు చూడలేదు. నేను అప్పుడైనా సిగ్గుపడి ఉంటే బాగుండేది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. దవాఖాన మెట్ల దగ్గర అన్నాను:

"బస్సెక్కే దినం గా నీళ్ల గోలి ఏసుకోకు. ఒక్క దినానికి ఏం గాదు."

"డాక్టరు రోజు ఏసుకోమన్నడు గదరా."

"నేను చెప్తాన గద అక్కా."

నేను చదువుకున్నవాణ్ని, పట్నంలో ఉద్యోగం చేస్తున్నవాణ్ని, డాక్టరు మాటలు విడమరిచి చెప్పేవాణ్ని. నా మాట అక్కకు డాక్టరు మాట కంటే పెద్దది. సరే అంది.

బస్సెక్కే రోజు మానవచ్చు అని నేనంటే, సంతకు పోయే రోజు కూడా మానవచ్చు అని ఆమె అనుకుంది. పెళ్లికి పోయే రోజు, పత్తి ఏరడానికి కూలీల గుంపుతో పోయే రోజు కూడా. అసలు సంగతి నాకు తెలియంది కాదు. ఆ ఇంట్లో మరుగుదొడ్డి లేదు. ఆ ఊళ్లో ఆడవాళ్లు బయటికి పోవాలంటే తెల్లవారకముందు, లేదా పొద్దు గుంకినాక. నడిపొద్దున ఒక ఆడమనిషి నాలుగుసార్లు చెంబు పట్టుకుని పోతుంటే అరుగుల మీద మగవాళ్లు లెక్కపెడతారు. పొద్దున గోలి వేసుకోమని డాక్టరు అన్నాడు. ఆ గోలి వేసుకుని ఎక్కడికి పోవాలో ఆయన అడగలేదు. పట్నం మనిషి, ఆయనకు తట్టలేదు. ఆ ఊరూ, ఆ ఇల్లూ ఎరిగినవాణ్ని నేను. ఆ గదిలో నిలబడి ఉన్నది నేను. అక్క ఒంటికి పోయే సంగతి డాక్టరు ముందు ఎత్తడం నాకు నామోషీ.

ఆ తర్వాతి నెలల్లో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ కూర్చున్నచోట కూర్చోలేను. అక్క వస్తుంది. డాక్టరు కాలు నొక్కుతాడు. గుంట పడుతుంది.

"గోలీలు ఏసుకుంటానవా అమ్మా?"

అక్క నావైపు చూస్తుంది. నేను, "ఏసుకుంటాంది సార్," అంటాను.

ఆయన నుదురు రుద్దుకుంటాడు. మందు పనిచేయడం లేదేమో అని నీళ్ల గోలి రెండు చేశాడు. రెండు చేస్తే ఒంటికి ఇంకా ఎక్కువ వస్తుంది. ఎక్కువ వస్తుందని అక్క ఇంకా ఎక్కువ రోజులు మానేసింది. ఇంకో నెల గడిచింది. హైదరాబాద్ చిట్టీ మాట ఎత్తితే, "ఈ నీట్ల పంపితే వాపసు పంపుతరు," అన్నాడు. మంచి డాక్టరు. లేని జబ్బుతో కుస్తీ పడుతున్నాడు. నేను ఒక్క మాట చెబితే అక్కడే తేలిపోయేది. ప్రతి నెలా చెప్పే వీలు దొరికింది. ప్రతి నెలా మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం నా బస్సు ఆ ఊరి దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద బావ ఎడ్లబండి అడ్డంగా ఉంది. బండిలో అక్క కూర్చుని ఉంది, ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని. పెదవులు నల్లబడ్డాయి. దగ్గితే గులాబీ రంగు నురగ పడుతోంది. ఇద్దరం ఎత్తి బస్సులో కూర్చోబెట్టాం. డ్రైవరుకు చెప్పాను, వరంగల్ దాకా ఎక్కడా ఆపొద్దని. దిగాల్సినవాళ్లు దిగాల్సిన ఊళ్లు దాటిపోయాయి. బస్సు నిండుగా ఉంది. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఒక ముసలామె తన సీటు ఇచ్చి విసనకర్రతో విసురుతూ నిలబడింది. ఆ కల్వర్టునూ దాటిపోయాం. ఈ జనానికా నేను భయపడింది అనుకున్నాను.

దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు, నరానికి సూది ఇచ్చారు. గంటలో ఊపిరి కొంచెం కుదుటపడింది. డాక్టరు ఈసారి బావను అడిగాడు, గోలీలు ఎన్ని మిగిలాయని. బావ అమాయకంగా సంచిలోంచి సీసా తీసి ఇచ్చాడు. సీసా దాదాపు నిండుగా ఉంది.

డాక్టరు ముఖం ఎర్రబడింది. "ఎవరు మానెయ్యమన్నరమ్మా నిన్ను?"

అక్క ముక్కుకు పెట్టిన గొట్టం పక్కకు జరిపింది. "ఎవ్వలనలే సారూ. నోరు చేదైతాందని నేనే మానేసిన."

"చావాలని ఉన్నదా?"

"లేదు సారూ," అంది అక్క.

నేను మంచం కాళ్లవైపు నిలబడి ఉన్నాను. బావ ఆమెను తిట్టాడు. నేను నేలవైపు చూశాను.

మూడోనాడు వార్డులో ఒక నడివయసు నర్సు దుప్పటి మారుస్తూ అక్కను అడిగింది. చాలా మామూలుగా అడిగింది. "గోలి ఏసుకున్నంక యాడికి పోతవమ్మా? ఇంట్ల దొడ్డున్నదా?"

అక్క లేదన్నట్టు తల ఊపింది.

"మరి చెప్పొద్దా బిడ్డా. ఊరికి పోయే దినం పొద్దున ఏసుకోకు, ఇంటికొచ్చినంక మూడుగొట్టంగ ఏసుకో. పొద్దుగూకినంక ఎట్లైనా బయటికి పోతవు గద. మానేసుడు వేరు, టైము జరుపుకునుడు వేరు. లేకుంటే పెరట్ల ఒక తడుక కట్టిచ్చుకో. డాక్టరుసాబుకు నేను చెప్త."

దుప్పటి మడతలు సరిచేసి వెళ్లిపోయింది. ఆరేడు నెలల్లో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. జవాబు అంత చిన్నదని నాకు అప్పుడు తెలిసింది.

బావ అన్నం తెచ్చుకోవడానికి పోయాడు. "ఎందుకు అబద్ధం చెప్పినవక్కా?" అని అడిగాను.

"నౌకరి మనిషివి. గంతమంది ముంగట నిన్ను తిట్టిపియ్యాల్నా?" అని, కాసేపు ఊపిరి తీసుకుని, "ఇంటికి పోయినంక తడుక కట్టియ్యమని మీ బావకు చెప్పుదాం తియ్," అంది.

ఆ వారంలో నీరు చాలామటుకు దిగింది. మట్టె మళ్లీ తిరిగింది, తిప్పి నాకు చూపించింది. కానీ గుండె లయ సర్దుకోలేదు. దడ ఒకసారి గుర్రంలా, ఒకసారి అసలు లేనట్టు ఉండేదట. తొమ్మిదోనాడు పొద్దున, చాయ్ తాగి గ్లాసు కింద పెడుతూ పక్కకు ఒరిగింది. డాక్టరు చాలాసేపు ప్రయత్నించాడు. బయటికి వచ్చి, "ఎక్కువ రోజులు నీట్ల నానింది గుండె," అన్నాడు. నేను ఆయనకు అప్పుడు కూడా చెప్పలేదు.

పదకొండో రోజు భోజనాల దగ్గర అందరూ అదే మాట. గోలీలు సీసాలోనే ఉన్నాయట, మొండి మనిషి, ప్రాణం మీదికి తెచ్చుకుంది. బావ కూడా అన్నాడు, "దాని మొండితనమే దాన్ని చంపింది," అని. నా విస్తరిలో అన్నం కలుపుకుంటూ విన్నాను. అక్క పేరు మీద ఆ మాట పడనిచ్చాను. బతికుండగా నన్ను కాపాడింది, పోయినాక కూడా నన్నే కాపాడుతోంది.

ఆ తర్వాత నేను డ్యూటీలో ఉన్నన్నాళ్లూ ఆ కల్వర్టు దగ్గర ఎవరూ అడగకుండానే తాడు లాగేవాణ్ని. రేడియేటరులో నీళ్లు పోయాలనేవాణ్ని. అక్క అక్కడ దిగిన రోజు బండి ఆపింది ఆయనే కాబట్టి డ్రైవరుకు సంగతి అర్థమైంది. "ముందే చెప్తే ఎన్నిసార్లైనా ఆపుదును గద భయ్," అన్నాడు ఒకసారి. కొందరు ఆడవాళ్లు దిగి వెళ్లి వచ్చేవాళ్లు. దానివల్ల అక్కకు ఒరిగింది ఏమీ లేదు.

బావకు చెప్పడానికి నాకు ఐదారేళ్లు పట్టింది. ఎనభైల మధ్యలో ఒకరోజు సెలవు పెట్టి ఆ ఊళ్లో దిగాను. బావకు మోకాళ్లు పట్టేశాయి, దూరం నడవలేకపోతున్నాడు. అందుకని పెరట్లో మూల మూడువైపులా తడకలు కట్టి, లోపల గుంట తవ్వించి బండలు వేయించుకున్నాడు. నులక మంచం మీద కూర్చుని, ఆ తడకల వైపు చూస్తూ, మొత్తం చెప్పాను. కల్వర్టు, తడిసిన చీర, దవాఖాన మెట్ల మీద నేనన్న మాట. నర్సు చెప్పింది కూడా చెప్పాను.

బావ చేతిలో చుట్ట ఆరిపోయింది, వెలిగించుకోలేదు.

"అంటే ఇంటికొచ్చినంక పొద్దుమీకి ఏసుకున్నా నడుస్తుండెనా?" అన్నాడు.

"నడుస్తుండె బావా."

"గీ తడుక గప్పుడు కట్టినా నడుస్తుండెనా?"

"నడుస్తుండె."

తల ఊపాడు. మంచం పట్టె పట్టుకుని లేచి, ఆ తడకల దాకా మెల్లగా నడిచి, ఒక తడకను చేత్తో పట్టుకుని ఊపి చూశాడు. తాటాకు, వెదురు బద్దలు. ఒక పూట పని.

"దాన్ని మొండిదన్న," అన్నాడు నావైపు తిరగకుండా. "సచ్చేదాంక అన్న. సచ్చినంక గూడ అన్న."

తడకను వదిలేసి, "నీ బస్సు టైమైతాంది, పో," అన్నాడు.